ఎడమ బూటు యూనిట్

జులై 3, సోమవారం

మేడమ్ పిలిచారు. ఈ స్కూల్లో చేరి పదకొండేళ్ళయినా ప్రిన్సిపాల్ గది అంటే నాకు భయమే. ఏం తప్పు చేశానా అని కారిడార్ పొడుగునా గుర్తు తెచ్చుకుంటూ వెళ్ళాను. తప్పు కాదు, పని. ఒకటో క్లాసు నుంచి ఐదో క్లాసు దాకా పాఠాలన్నీ ఎంక్వైరీ పద్ధతిలోకి మారుస్తారట. టీచర్ చెప్పడం, పిల్లలు రాసుకోవడం ఇక ఉండదు. పిల్లలే ప్రశ్న అడగాలి, పిల్లలే వెతకాలి, పిల్లలే తేల్చాలి. ఐదు క్లాసులూ ఒకదానికొకటి అతికేలా ప్లాన్ రాయాల్సింది నేను. ఆగస్టు మూడో వారానికి స్కూల్ కమిటీ ముందు పెట్టాలి. సెప్టెంబర్ నుంచే ట్రయల్.

నేనే ఎందుకు మేడమ్ అని అడిగాను. నీ నోట్సు నీట్‌గా ఉంటుంది కదమ్మా అన్నారు. అదీ నా అర్హత. పని బాగా జరిగితే ప్రైమరీ కో-ఆర్డినేటర్ పోస్టు నీదే అని కూడా అన్నారు. విడిగా గది, తలుపు మీద పేరు.

నాకు ఆ పోస్టు కావాలి. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుని ఏం లాభం? కావాలి. పదకొండేళ్ళుగా నాలుగో క్లాసు బి సెక్షన్. స్టాఫ్ రూమ్‌లో నేను ఉన్నానో లేనో కూడా ఎవరూ గమనించరు.

ఇంట్లో చెప్తే మా ఆయన, ఎంక్వైరీయా, ఎవరు సస్పెండయ్యారు అన్నాడు. ఆయన ఆఫీసులో ఆ మాటకి అదొక్కటే అర్థం.

జులై 5, బుధవారం

స్టాఫ్ మీటింగ్. ఈ కొత్త పద్ధతి నేర్పడానికి స్కూలు పెట్టుకున్న కన్సల్టెంట్ గారు వచ్చారు. ఏ ప్రశ్న అడిగినా, దానికి ఒక టెంప్లేట్ ఉంది అంటాడు. మీటింగ్ అయ్యేసరికే ఆయనకి టెంప్లేట్ సారు అని పేరు పడిపోయింది. పెట్టింది మా వదిన.

వదిన అంటే మా అన్నయ్య భార్య. నాకు పదకొండేళ్ళప్పుడు మా ఇంటికి వచ్చింది. నాకు జడ వేసింది, ఎక్కాలు నేర్పింది, చివరికి ఈ ఉద్యోగంలోనూ పెట్టించింది. ఒకటో క్లాసు ఇరవై రెండేళ్ళుగా ఆవిడదే. నన్ను చూసి సగం స్టాఫ్ ఆవిడని వదినా అనే పిలుస్తారు. ఇద్దరివీ పక్క పక్క వీధులే కాబట్టి రోజూ కలిసే నడిచి వస్తాం.

వచ్చేటప్పుడు అడిగింది, ఏమే, ఈ ప్లాను నీ నెత్తిన పడిందటగా అని. పడిందన్నాను. పడితే పడింది గానీ గడులు నింపడంలో పిల్లల్ని మర్చిపోకు అంది. ఆవిడకి సలహా ఇవ్వకపోతే రోజు గడవదు.

జులై 11, మంగళవారం

టెంప్లేట్ సారు పంపిన ఫైలు తెరిచి కూర్చున్నాను. ఐదు వరుసలు, తొమ్మిది కాలమ్‌లు. నలభై ఐదు ఖాళీ గడులు. ఒక్కటీ నిండలేదు.

టీచర్లందర్నీ ఐడియాలు ఇమ్మని అడిగాను. ఇచ్చారు మహాతల్లులు. ఉన్న పాఠం పేరుకి చివర ప్రశ్నార్థకం తగిలించి ఇచ్చారు. నీటి చక్రం, నీటి చక్రం అంటే ఏమిటి అయింది. మన శరీర భాగాలు, మన శరీర భాగాలు ఎన్ని అయింది. రెండో క్లాసు టీచర్ అయితే ప్రశ్నతో పాటు జవాబు కూడా రాసి, కింద గీత గీసి మరీ ఇచ్చింది. ఎంక్వైరీ పూర్తయిందట.

నా బుర్రలో కూడా ఏమీ లేదు. వాళ్ళని అనడం ఎందుకు?

జులై 14, శుక్రవారం, మధ్యాహ్నం

ఫ్రీ పీరియడ్‌లో తల నొప్పిగా ఉండి, కాస్త చల్లగా ఉంటుందని వదిన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఒకటో క్లాసు బెంచీ. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

ఒక పిల్ల బూటు విప్పి పట్టుకుని వచ్చింది. టీచర్, నా ఎడమ బూటు మడమ దగ్గర ముందే అరిగిపోయింది, కుడిది బానే ఉంది, ఎందుకూ అని. నేనైతే సరిగ్గా నడవవు కాబట్టి అని చెప్పి కూర్చోబెట్టేదాన్ని. వదిన ఆ బూటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అవునే, ఎందుకంటావ్ అని ఆ పిల్లనే అడిగింది. ఆ పిల్లకి తెలీదు. పక్కవాడికీ తెలీదు. మీవి కూడా చూడండి అంది. ముప్పై ఒక్కమంది బూట్లు విప్పారు. ఆ వాసన గురించి రాయను.

నేల మీద సుద్దముక్కతో రెండు గళ్ళు గీసింది. ఎడమ అరిగినవాళ్ళు ఇటు, కుడి అరిగినవాళ్ళు అటు. పంతొమ్మిది ఇటు, ఎనిమిది అటు, నాలుగు ఎటూ కాదు. ఎటూ కానివాళ్ళలో ఒకడు ఏడ్చాడు. నీది కొత్త బూటు నాన్నా, రేపు అరుగుతుందిలే అని ఓదార్చింది.

పీరియడ్ అయిపోయింది. జవాబు మాత్రం చెప్పలేదు ఆవిడ. బయటికి వచ్చాక అడిగాను, అసలెందుకు వదినా అని. నాకేం తెలుసే, చూద్దాం అంది. తెలిసే చెప్పలేదనుకున్నాను. నిజంగానే తెలీదు ఆవిడకి.

తలనొప్పి పోయింది. నోట్సు తీసి రాసుకున్నాను.

జులై 21, శుక్రవారం

వారం నుంచి రోజూ వెనక బెంచీ మీదే ఉన్నాను. ఏం రాస్తున్నావే అంది వదిన. ఏవో ఫార్మాట్లు అన్నాను.

పిల్లలు బస్సు డ్రైవర్ బూట్లు చూశారు. ఆయనది కుడిది అరిగింది. బ్రేకు తొక్కుతాను కదమ్మా అన్నాడు. ఆయమ్మవి రెండూ ముందువైపు అరిగాయి, ఎప్పుడూ వంగే ఉంటుంది కాబట్టి అని ఒకడు తేల్చాడు. ఆరేళ్ళవాడు. దానికి ఆయమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళలో ఈ స్కూల్లో ఆవిడ కాళ్ళ వంక చూసిన మొదటి మనిషి వాడు.

మరి వీళ్ళకి ఎడమదే ఎందుకు అరుగుతుంది? ఒకడు బ్యాగు ఆ భుజానికి వేసుకుంటాం కాబట్టి అన్నాడు. మర్నాడు అందరూ బ్యాగు కుడి భుజానికి మార్చారు. నెల చూస్తారట. నెల! నేను నెలలో నాలుగు పాఠాలు ముగిస్తాను.

ఆగస్టు 2, బుధవారం

నిండింది! నలభై ఐదు గడులూ నిండాయి.

ఒకటో క్లాసు: బూటు ఎక్కడ అరుగుతుంది? రెండో క్లాసు: స్కూల్లో ఇంకేవి అరుగుతాయి, మెట్లు, సుద్దముక్క, తలుపు గడియ? మూడో క్లాసు: ఎంత అరిగిందో ఎలా కొలవాలి? నాలుగో క్లాసు: రాయి ఎలా అరిగి మట్టి అవుతుంది? ఐదో క్లాసు: అరిగినదాన్ని ఎవరు బాగుచేస్తారు, ఎవరు పారేస్తారు? ఒక ఎడమ బూటు నుంచి ఐదు క్లాసులు పుట్టుకొచ్చాయి. టైప్ చేస్తుంటే చేతులు ఆగలేదు. ఉద్యోగంలో చేరాక ఇంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు, నిజంగా.

ఒక్క గడి దగ్గర ఆగాను. ఆశించిన ముగింపు అని ఒక కాలమ్ ఉంది. ఒకటో క్లాసు గడిలో ఏం రాయాలి? వదిన పిల్లలు ఇంకా ఏమీ తేల్చలేదు. టెంప్లేట్ సారుకి ఫోన్ చేసి ఖాళీగా వదలొచ్చా అని అడిగాను. ఖాళీ గడి ఉంటే ఫైలు అప్‌లోడ్ అవదు మేడమ్ అన్నాడు. ఎక్కువమంది కుడిచేతివాటం కాబట్టి ఎడమ కాలు మీద బరువు ఎక్కువ పడుతుంది అని రాశాను. వినడానికి బాగుంది. నిజమో కాదో ఎవరికి తెలుసు?

పైన తయారుచేసినవారు అన్నచోట నా పేరు. అక్కడ ఒకే పేరుకి చోటుంది.

ఆగస్టు 9

వదిన పేరు ఎక్కడైనా కలపాలి. కమిటీ ముందు నోటితో చెప్తాను, అది ఇంకా బాగుంటుంది.

ఆగస్టు 18, శుక్రవారం, సాయంత్రం

చెప్పలేదు.

ప్రెజెంటేషన్ బ్రహ్మాండంగా వెళ్ళింది. ఎడమ బూటు బొమ్మ తెర మీద పడగానే కమిటీలో పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగాడు. అయ్యాక చప్పట్లు. టెంప్లేట్ సారు లేచి, ఇంత ఒరిజినల్ ప్లాన్ నేను చూడలేదు అన్నాడు. అప్పుడు పెద్దాయన అడిగాడు, ఈ బూటు ఆలోచన నీకెలా వచ్చిందమ్మా అని.

వదిన మూడో వరసలో కూర్చుంది. నేను ఆవిడ వైపు చూడలేదు. పిల్లల్ని గమనిస్తుంటే వచ్చింది సార్ అన్నాను. అబద్ధం కాదు. గమనించాను. ఎవరి పిల్లల్ని అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నవ్వుతూ నిలబడ్డాను.

ఇంటికి నడిచి వస్తుంటే, బాగా చెప్పావే, గొంతు వణకలేదు అంది వదిన.  ఇల్లు దగ్గర పడ్డాక, ఆ ఐదో క్లాసుది బాగుందే, అది నాకు తట్టలేదు అంది. తిట్టినా బాగుండేది. అటు తిరిగి వెళ్ళిపోయింది.

ఆగస్టు 19, శనివారం

అన్నయ్య ఫోన్ చేశాడు. శుభాకాంక్షలు చెప్పడానికి. మీ వదిన నిన్న రాత్రంతా నీ గురించే చెప్పింది, మా ఆడపడుచు కమిటీవాళ్ళని నోరెత్తనివ్వలేదు అని, అన్నాడు. బూటు సంగతి చెప్పిందా అని అడగాలనుకున్నాను. అడగలేదు. సొమ్మొకడిది, సోకొకడిది అని మా అమ్మ అంటూ ఉండేది.

సెప్టెంబర్ 6, బుధవారం

కో-ఆర్డినేటర్ (తాత్కాలికం). గది ఇచ్చారు. కిటికీ లేదు, పాత ల్యాబ్ సామాను పక్కకి జరిపి బల్ల వేశారు. నాకు అది చాలు.

మొదటి పని, ట్రయల్ ఎలా జరుగుతుందో మార్కులు వేయడానికి రూబ్రిక్, అంటే మార్కుల పట్టిక, తయారుచేయడం. టెంప్లేట్ సారు నమూనా ఇచ్చాడు, గడులు నేను రాశాను. ప్రశ్న పీరియడ్ మొదలవకముందే బోర్డు మీద ఉందా? నాలుగు మార్కులు. ప్లానర్ నింపి సంతకం చేశారా? నాలుగు. పిల్లల ప్రశ్నలు రంగుల వారీగా చార్టులో అతికించారా? నాలుగు. టీచర్ మాట్లాడింది మూడో వంతు సమయం కంటే తక్కువేనా? నాలుగు. యూనిట్ మూడు వారాల్లో ముగిసిందా? నాలుగు. మొత్తం ఇరవై.

చాలా స్పష్టంగా ఉంది అని మేడమ్ మెచ్చుకున్నారు. నాకూ అలాగే అనిపించింది. తర్వాత చేర్చింది: ఒక్కో గడిలో వదినని నిలబెట్టి చూసుకోవాలన్న ఆలోచన నాకు అప్పుడు అసలు రాలేదు. ఆవిడ నాకు అప్పటికే మరుపున పడింది. ఆవిడ పాఠం మాత్రమే గుర్తుంది.

సెప్టెంబర్ 20, బుధవారం

ఈ రోజు ఒకటో క్లాసు అబ్జర్వేషన్. నేనూ, టెంప్లేట్ సారూ, చేతిలో అట్టలు.

గదిలో ఎవరూ లేరు. బోర్డు ఖాళీ. మొదటి గడి సున్నా. వెతుక్కుంటూ వెళ్తే అందరూ మెట్ల మీద ఉన్నారు. దారం పట్టుకుని మెట్టు ఎక్కడ గుంట పడిందో కొలుస్తున్నారు. బూటు రాతిని అరగదీస్తోందా, రాయి బూటుని అరగదీస్తోందా అని గొడవట. అది రెండో క్లాసు యూనిట్ కదండీ, మీరు ఇక్కడ ఎందుకున్నారు అని టెంప్లేట్ సారు అడిగాడు. పిల్లలు ఇక్కడికి వచ్చారండి, నేను వెనకాల వచ్చాను అంది వదిన. బూట్ల యూనిట్ ముగిసిందా అన్నాడు. తేలలేదండీ, బ్యాగు మార్చాక కొందరికి మారింది, కొందరికి మారలేదు, ఇంకా చూస్తున్నారు అంది. ప్లానర్? రాయలేదు. చార్టు? దారం ఉంది, చూడండి అంది.

ఒక పిల్ల వచ్చి సారు కాలు ఎత్తమంది. ఆయన గోడ పట్టుకుని ఎత్తాడు. అడుగు మెరిసిపోతోంది. ఆ పిల్ల తన పుస్తకంలో, ఈ సారు ఇంకా నడవలేదు, అని రాసుకుంది. నాకు నవ్వు ఆగలేదు. దగ్గినట్టు నటించాను.

ఆ నలభై నిమిషాల్లో ఆ మెట్ల మీద జరిగినదే నా ప్లానులో ముప్పై నాలుగు పేజీలు రాసి నేను చెప్పాలనుకున్నది. తర్వాత గదికి వచ్చి అట్ట మీద చూసుకుంటే మార్కులు ఏడు. ఇరవైకి ఏడు. టెంప్లేట్ సారు ఆరు వేశాడు. నేను వాదించి ఏడు చేయించాను. అదీ నా ధైర్యం.

రెండో క్లాసు టీచర్‌కి పద్దెనిమిది. ఆవిడ పిల్లలకి ముందు రోజే చీటీలు ఇచ్చి ప్రశ్నలు బట్టీ పట్టించింది. ఒకడు తన వంతు రాకముందే లేచి ఎదుటివాడి ప్రశ్న కూడా అడిగేశాడు. ఉత్సాహం బాగుంది అని టెంప్లేట్ సారు రాసుకున్నాడు.

సెప్టెంబర్ 22

స్కోర్లు స్టాఫ్ రూమ్ గోడకి అంటించారు. అన్నిటికంటే కింద వదిన. ఆవిడ వచ్చి, చదివి, ఒక మూల ఊడిపోతుంటే వేలితో నొక్కి అంటించి వెళ్ళింది.

అక్టోబర్ 4, బుధవారం, 3.15

ఇప్పుడే మేడమ్ గది నుంచి వచ్చాను. 

అడ్మిషన్లకి వచ్చే తల్లిదండ్రులు మొదట చూసేది ఒకటో క్లాసు గదిలోకే. అక్కడ ఏడు మార్కుల టీచర్‌ని పెట్టుకోలేం అన్నారు. వదినని పుస్తకాల స్టోర్‌కి మారుస్తారు. పరీక్షలయ్యాక, నవంబర్ 13 నుంచి ఒకటో క్లాసు నాకు. యూనిట్ నువ్వే రాశావు కదా, నువ్వే చేసి చూపించు అన్నారు. పోస్టు పర్మనెంట్. నేను అబ్జర్వేషన్ రిపోర్టు కింద ఒక వాక్యం మీద సంతకం చేయాలి: నూతన పద్ధతికి అనువుగా లేరు.

మేడమ్, ఆ బూటు ఆవిడదే, అని నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. అప్పుడే మేడమ్ ఫోన్ మోగింది. మాట్లాడటం అయ్యేసరికి నేను నోరు మూసేశాను. ఫోన్ మీద నెపం వేయను. రెండు నిమిషాలే మాట్లాడారు. ఆగి చెప్పొచ్చు.

రేపు ఉదయానికల్లా సంతకం పెట్టి ఇవ్వమన్నారు. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడకి ఇంకా ఐదేళ్ళ సర్వీసు ఉంది, స్టోర్‌లో హాయిగా ఫ్యాన్ కింద కూర్చుంటుంది, నువ్వెందుకు ఇంతలా అయిపోతావ్ అన్నాడు. వదిన ఫ్యాన్ కింద కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

అక్టోబర్ 5

సంతకం పెట్టాను. సగంలో నా పెన్ను ఆగిపోతే, గుమాస్తాని పెన్ను అడిగి మరీ పూర్తిచేశాను.

అక్టోబర్ 9, సోమవారం

వదినకి ఆర్డరు ఇచ్చారు. కింద నా సంతకం ఉంది, చూడకుండా ఉండదు.

సాయంత్రం గేటు దగ్గర ఎప్పటిలాగే నిలబడి ఉంది. నేను వెనక గేటు నుంచి పోదామనుకున్నాను, చూసేసింది. నడిచాం. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. రెండో బెంచీలో పొట్టి వాడికి బోర్డు సరిగా కనపడదు, కనపడుతుందనే చెప్తాడు, ముందు కూర్చోబెట్టు అంది. కిటికీ పక్కన పిల్లని పది రోజులు ఏమీ అడక్కు, అదే వచ్చి అడుగుతుంది అంది. కవలల్లో ఒకడే అన్నం డబ్బా పూర్తిగా తింటాడు, రెండోవాడి మీద కన్నేసి ఉంచు అంది. అందరి సంగతీ అప్పజెప్పింది. పేపర్లో లేదు ఇదంతా, గుర్తుపెట్టుకో అంది.

వదినా, నేను, అని మొదలుపెట్టాను. ముందు రోడ్డు చూసుకోవే, బండి వస్తోంది అని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. చిన్నప్పుడు లాగినట్టే. ఇంటికి వచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో తెలీదు. నాకోసమే అయి ఉంటుంది.

అక్టోబర్ 11

నేను పెందలాడే వెళ్ళాలి, మీటింగులుంటాయి అని వదినకి మెసేజ్ పెట్టాను. ఇక కలిసి నడవక్కర్లేదు. మీటింగులు లేవు.

అక్టోబర్ 16, సోమవారం

టీచర్లందరికీ ట్రైనింగ్. చెప్పేది నేను. స్టోర్ ఇన్‌చార్జి కాబోతున్నా సరే, వదిన కూడా రావాలన్నారు. పిల్లల్లో ప్రశ్న ఎలా పుట్టించాలి, టీచర్ జవాబు చెప్పకుండా ఎలా ఓపిక పట్టాలి అని రెండు గంటలు చెప్పాను. ఆవిడ చివరి బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుంది. నేను ఆవిడకి నేర్పుతున్నాను! ఒక్కసారి కూడా నవ్వలేదు ఆవిడ. వెక్కిరింపు కూడా లేదు ఆ మొహంలో.

అందరికీ ఇచ్చిన ఫైళ్ళు వెనక్కి తీసుకున్నాను. వదిన ఫైలు గబగబా తిరగేశాను. ఏదో ఒకటి రాసి ఉంటుంది, తిట్టో, శాపమో. ఆరో పేజీ దాకా ఏమీ లేదు. ఆరో పేజీలో, కుడిచేతివాటం అని నేను కల్పించి రాసిన గడి పక్కన, పెన్సిల్‌తో చిన్నగా: ఇది ఇంకా తేలలేదు.

అంతే. ఇది నాది అని రాయలేదు. ముప్పై నాలుగు పేజీల్లో ఆవిడ అభ్యంతరం అదొక్కటే.

టెంప్లేట్ సారు భుజం మీదుగా చూశాడు. తుడిచేయండి మేడమ్, క్లీన్ కాపీ ప్రింటింగ్‌కి వెళ్ళాలి అన్నాడు. తుడిచాను.

నవంబర్ 3, శుక్రవారం, సాయంత్రం

అన్నయ్య వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. టీ పెడతానంటే వద్దన్నాడు. మా అన్నయ్యకి నోట్లో నాలుక లేదని ఊరంతా అంటుంది.

వదిన రాజీనామా ఇచ్చిందట. పదో తేదీ ఆఖరి రోజు. బూట్ల సంగతి తనకి ఇప్పుడు తెలిసిందట, అదీ వదిన చెప్పలేదు, ఆయమ్మ చెప్పింది. మీ వదిన నిన్ను ఒక్క మాట అనలేదు, అనొద్దని నాకూ చెప్పింది, కానీ నేనంటాను అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే అన్నాడు. గొంతు పెంచలేదు. స్టోర్‌లో కూర్చోవాల్సి వచ్చినందుకు కాదు రాజీనామా, ఆ గోడ అవతల నువ్వు ఆ పాఠం చెప్తుంటే వినలేక, అన్నాడు.

సోమవారం వెళ్ళి మేడమ్‌కి నిజం చెప్తానన్నయ్యా అన్నాను. చెప్పు అయితే, అన్నాడు. నమ్మలేదు. నమ్మకపోవడం న్యాయమే.

నవంబర్ 6, సోమవారం

చెప్పాను!

కూర్చోకుండా, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. బూటు వదినది, డ్రైవరూ ఆయమ్మా మెట్లూ అన్నీ ఆవిడవి, ఆ ముగింపు నా కల్పన, ఆ ఏడు మార్కులు తప్పు, నా సంతకం తప్పు. రాజీనామా వెనక్కి ఇప్పించండి, ఒకటో క్లాసు ఆవిడకే ఇవ్వండి, పోస్టు నాకొద్దు అన్నాను. ఆ చివరి మాట అనేటప్పుడు తలుపు మీద పేరు గుర్తొచ్చింది. అయినా అన్నాను.

మేడమ్ అన్నీ విన్నారు. తర్వాత అన్నారు, నాకు తెలీదనుకున్నావా అమ్మా అని. రోజూ ఆ క్లాసు ముందు నుంచే వెళ్తారట. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నారట. ప్రెజెంటేషన్‌లో బూటు బొమ్మ పడగానే ఎవరిదో తెలిసిందట. ఆవిడ చేస్తుంది గానీ రాసివ్వదు, నువ్వు రాసిస్తావు, కమిటీకి చూపించడానికి నాకు కాగితం కావాలి, అందుకే నిన్ను పెట్టాను అన్నారు. చాలా మామూలుగా అన్నారు, టైమ్‌టేబుల్ చెప్తున్నట్టు.

మరి ఆవిడని ఎందుకు తీసేశారు మేడమ్ అన్నాను. తీసింది నేను కాదుగా, రిపోర్టు నీదే కదా అన్నారు. నిజం కమిటీకి చెప్తానన్నాను. చెప్పు, ప్లాన్ కాపీ కొట్టానని రాసివ్వు, నీ ఉద్యోగం పోతుంది, ఆవిడ ఎలాగూ రాదు అన్నారు. ఇంకేమైనా ఉందా అమ్మా అని ఫైలు ముందుకి లాక్కున్నారు.

ఇంకేమీ లేదని వచ్చేశాను. రాసివ్వలేదు. తర్వాత వదిన ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది, లోపలికి రమ్మంది, కూర్చోమంది. చెప్పానొదినా అన్నాను. మంచిదే, అంది. బట్టలు మడతపెడుతూ కూర్చుంది. నేనూ రెండు మడతపెట్టాను. మళ్ళీ వస్తావా అంటే, పిల్లలకి ఇంకో నెల టైమిచ్చానే, డిసెంబర్‌లో బూట్లు మళ్ళీ చూసుకోవాలి వాళ్ళు, మర్చిపోకుండా చూపించు, అంది.

నవంబర్ 10

ఆవిడ ఆఖరి రోజు. నేను సెలవు పెట్టాను.

నవంబర్ 13, సోమవారం, ఉదయం 9.40, ఒకటో క్లాసు

ముప్పై ఒక్కమంది. మీకేం తెలుసుకోవాలనుంది అని అడిగాను. కిటికీ పక్క పిల్ల చేయెత్తింది. మా టీచర్ ఎందుకు రావట్లేదు అంది.

ప్లాన్ ప్రకారం నేను జవాబు చెప్పకూడదు. బోర్డు మీద రాశాను. ఎలా కనుక్కుందాం అన్నాను. తెలిసినవాళ్ళని అడగాలి అన్నారు. ఎవరికి తెలుసు అన్నాను. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత అందరూ నా వైపు తిరిగారు.

మీకు తెలుసా టీచర్ అంది ఆ పిల్ల.

పని ఉన్నట్టు తల వంచుకుని ఇది రాస్తున్నాను. ఆ పిల్ల ఇంకా చేయి దించలేదు.